వీడియో ఆటలు: గుణదోష విచారము

మన పల్లెలలో రచ్చబండలమీదను, దేవాలయ మండపములలోను గీతలు గీసి ఆడుకొను ఆటలలో పులిజూదము ఒకటి. ఒకవైపు 3 పులులు, మరియొకవైపు 15 మేకలు. పులి మేకమీదుగా దూకి దానిని చంపవలెను. మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి పులిని కదలనీయక కట్టివేయవలెను. హంపి శిథిలములలో రాతిపలకలమీద చెక్కిన ఇట్టి ఆటపటములు నేటికిని కానవచ్చును. ఈ ఆటలో పాచిక లేదు, గవ్వ లేదు. అదృష్టమునకు తావే లేదు. పందెము లేకయే ఆడుకొందురు. అయినను దీనికి మన భాష పెట్టిన పేరు జూదము. సర్వస్వమును ఒడ్డి ఓడిన ధర్మరాజు ఆడినదియు జూదమే. అరుగుమీద కూర్చుండి మేకలను కాపాడుకొను బాలుడు ఆడునదియు జూదమే. బుద్ధికి పదును పెట్టు ఆటను, కొంప ముంచు ఆటను ఒకే పేరుతో పిలుచుట మనకు పాత అలవాటు.

నేడు మన ఇండ్లలో ఆ పాత అలవాటునకు క్రొత్త రూపు వచ్చినది. చేతిలో సెల్‌ఫోను, వంచిన మెడ, చకచక కదలు బొటనవ్రేళ్లు: ఆడుచున్న పిల్లవానిలో పెద్దలకు కనబడునది ఇంతమాత్రమే. అతడు ఆ తెరమీద చదరంగము ఆడుచుండవచ్చును. దిమ్మెలు పేర్చి ఊహానగరమును కట్టుచుండవచ్చును. దూరదేశముననున్న మిత్రులతో జట్టుకట్టి ఒక కోటను కాపాడుచుండవచ్చును. లేదా తండ్రి నెలజీతమును గంటలో పందెము ఒడ్డుచుండవచ్చును. వంచిన మెడ అన్నిటికిని ఒక్కటే. అందుచేత మనము వేయు ప్రశ్నయు ఒక్కటే యగుచున్నది: "ఎంతసేపు ఆ ఫోను?" అని. ఆ ప్రశ్న అవసరమైనదే. కాని అంతకుముందు అడుగవలసినది, "ఏమి ఆడుచున్నావు?" అను ప్రశ్న.

ఈ భేదము తెలియకపోవుటవలన ఇంటికి రెండు విధముల నష్టము కలుగును. నిర్దోషమైన ఆటను ఆడు పిల్లవాడు నిత్యము చీవాట్లు తిని, చాటున ఆడుట నేర్చుకొనును. చాటునకు అలవాటుపడినవాడు, నిజముగా చిక్కులో పడిననాడు ఆ సంగతి ఇంట చెప్పుకొనజాలడు. ఇది మొదటి నష్టము. ఇక సొమ్ము గుంజు ఆటలో చిక్కుకొన్నవానిని చూచి, "ఏదో ఆడుకొనుచున్నాడులే" యని పెద్దలు ఊరకుందురు. అప్పులవాడు గడప త్రొక్కిననాడు గాని అసలు సంగతి బయటపడదు. ఇది రెండవ నష్టము, మొదటిదానికంటె పెద్దది. కావున ఈ ఆటలవలన మేలేమి, కీడేమి, లోకము వీనిని ఏ కంటితో చూచినది, ఆ చూపు ఎంతవరకు న్యాయమైనది అను విషయములను కొంత నిదానముగా పరిశీలింతము.

వీడియో ఆట పుట్టినది అంగడిలో కాదు, ప్రయోగశాలలో. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమునకు వచ్చు సందర్శకులకు విసుగు కలుగకుండుటకై, విలియం హిగిన్‌బోతం అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెరమీద ఒక వెలుగుచుక్కను బంతిగా చేసి టెన్నిసు ఆటను కల్పించెను. 1962లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు కలిసి రెండు అంతరిక్షనౌకలు పోరాడు ఆటను ఒక పెద్ద కంప్యూటరుపై రచించిరి. 1972లో రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు కల్పనననుసరించి, ఇంటి టెలివిజనుకు తగిలించుకొను మొదటి ఆటపెట్టె అమ్మకమునకు వచ్చినది. అదే సంవత్సరము అటారీ అను సంస్థ నాణెము వేసి ఆడు 'పాంగ్' యంత్రమును వెలువరించినది. 1980లో జపానునుండి 'పాక్-మాన్' వచ్చినది. 1980ల నడుమ మాస్కోలో, సోవియట్ విజ్ఞాన పరిషత్తుకు చెందిన గణనకేంద్రమున పనిచేయు అలెక్సీ పజిత్నోవ్, పైనుండి జారిపడు ముక్కలను ఖాళీలు లేకుండ పేర్చు 'టెట్రిస్' అను ఆటను సృష్టించెను. 1997లో వచ్చిన నోకియా చేతిఫోనులో పాము ఆట చేరినది. ఆ తరువాత ఆటకు వేరుగా యంత్రము అవసరము లేకపోయినది. మాటలాడుకొను ఫోనే ఆటస్థలమైనది.

ఈ ఆటలు మనస్సును ఇంతగా ఎట్లు పట్టివేయుచున్నవి? ఇందులో మంత్రమేమియు లేదు. నాలుగు ఏర్పాట్లు కలవు. మొదటిది, చేయవలసిన పని స్పష్టముగా నుండును. రెండవది, చేసినది ఒప్పో తప్పో క్షణములో తెలియును. పాఠశాలలో లెక్క తప్పిన బాలునకు ఆ తప్పు వారము గడచిన పిమ్మట ఎఱ్ఱసిరాతో తెలియును. ఆటలో తప్పిన అడుగు అడుగుతోనే తెలిసిపోవును. మూడవది, కష్టము మెట్టుమెట్టుగా పెరుగును. ఆడువాని శక్తికి కొంచెము పైన నుండునే గాని, అందనంత ఎత్తున నుండదు. నాలుగవది, ఓటమికి సిగ్గు లేదు. నూరుమార్లు ఓడినను నూట యొకటవసారి మొదలుపెట్టవచ్చును. ఆలోచించి చూచిన, మంచి గురువు శిష్యునికి చేయునదియు ఈ నాలుగే. గురువు చేతిలో విద్యగా మారినది, వ్యాపారి చేతిలో వలగా మారుటకును అవకాశము కలదు. మేలునకును కీడునకును మూలము ఒక్కటే యగుట ఈ విషయములోని ముఖ్యమైన చిక్కు.

ఇక లోకము చూపును గూర్చి. క్రొత్తగా వచ్చిన ప్రతి వినోదమును పెద్దలు అనుమానముతోనే చూచిరి. నాటకమును, నవలను, చలనచిత్రమును అట్లే చూచిరి. మన రేడియో సైతము ఈ నిందకు తప్పించుకొనలేదు. 1941లో అమెరికాలో ఒక పిల్లల వైద్యపత్రికలో మేరీ ప్రెస్టన్ అను పరిశోధకురాలు, నేరకథల రేడియో నాటికలు వినుటకు సగముకంటె ఎక్కువమంది పిల్లలు వ్యసనపరులైరని వ్రాసినది. నేడు రేడియో వినుట సత్కాలక్షేపమను మన్నన పొందినది. నాడు దానిని గూర్చి పలికిన మాటలే అక్షరము మారకుండ నేడు సెల్‌ఫోను ఆటలకు వర్తింపజేయబడుచున్నవి.

ఆటయంత్రములకు సంబంధించిన కథ ఒకటి ఇంకను చిత్రమైనది. లోహపు గోళీని మీటతో కొట్టి ఆడు పిన్‌బాల్ అను ఆటను 1942లో న్యూయార్కు నగరమున మేయరు ఫియొరెల్లో లా గార్డియా నిషేధించెను. పిల్లల చిల్లరడబ్బులను దోచు జూదమని దానిమీద అభియోగము. పోలీసులు యంత్రములను పట్టితెచ్చి సుత్తులతో పగులగొట్టిరి. ఆ నిషేధము 34 ఏండ్లు నడచినది. 1976లో నగరసభ ఎదుట ఈ విషయము విచారణకు వచ్చినప్పుడు, రోజర్ షార్ప్ అను యువకుడు అక్కడనే యంత్రమును పెట్టించుకొని ఆడి చూపెను. గోళీ నడిమిదారిన పోవునని ముందుగా చెప్పి వదలగా, అది చెప్పిన దారినే పోయినది. అదృష్టమే కాక నేర్పు కూడ ఇందులో కలదని సభ్యులు ఒప్పుకొని నిషేధమును తొలగించిరి.

ఇంచుమించు ఇట్టి విచారమే మన తెలుగునాటి వ్యాజ్యమొకదానిలో అంతకు పూర్వమే జరిగినది. సికిందరాబాదులోని ఒక క్లబ్బుమీద పోలీసులు దాడిచేసి రమ్మీ ఆడువారిని పట్టుకొనగా, ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టువరకు పోయినది. 1967 నవంబరులో న్యాయమూర్తులు తీర్పు చెప్పుచు, రమ్మీ మూడుముక్కలాట వలె కేవలము అదృష్టముపై నడచునది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో తెలియుట అవసరము గనుక అది ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయనియు నిర్ణయించిరి. అయితే అదే తీర్పులో మరియొక మాటయు కలదు. పందెపు ఆటవలన ఆ ఇంటి యజమానిగాని క్లబ్బుగాని లాభము గడించుచున్నట్లు ఋజువైనచో, అప్పుడు నేరము కావచ్చునని వారు సూచించిరి. మొదటి మాట అందరికిని జ్ఞాపకమున్నది. ఈ రెండవ మాటను లోకము అంతగా పట్టించుకొనలేదు. తరువాత జరిగిన అనర్థములను చూచినచో ఆ రెండవ మాటయే ఎక్కువ విలువైనదని తోచును.

వీడియో ఆటలకు వచ్చిన అపకీర్తిలో తొందరపాటు పాలు ఎంతయో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. 1982 నవంబరులో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి ఎవరెట్ కూప్, ఈ ఆటలు పిల్లల మనశ్శరీరములకు హాని చేయుచున్నవని ఒక సభానంతరమున పలికెను. పత్రికలు దానిని పెద్ద అక్షరములతో ప్రకటించినవి. వెంటనే ఆయన, అది తన సొంత అభిప్రాయమే గాని శాస్త్రాధారము గలది కాదని వివరణ ఇచ్చుకొనవలసి వచ్చినది. వివరణకంటె ముందు పలికిన మాటయే లోకమున నిలిచినది.

చూపు మారుటకు ఏమి కావలెనో మన చదరంగమే చెప్పుచున్నది. చదరంగము ఆడుచు కాలమును, ఇంటిని, రాజ్యమును మరచిన సోమరుల కథలు మన దేశమున ఎన్నియో కలవు. 1924లో ప్రేమ్‌చంద్ వ్రాసిన ప్రసిద్ధ కథకు ఇదియే వస్తువు. కాని గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏండ్ల వయస్సులో, గ్రాండ్‌మాస్టరైన పిమ్మట ఎందరో తలిదండ్రులు తమ పిల్లలను చదరంగపు బల్లయొద్దకు తామే చేయిపట్టి నడిపించిరి. ఆట మారలేదు, గౌరవము మారినది. వీడియో ఆటల విషయమునను ఈ మార్పు మొదలైనది. 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో వీడియో పోటీలు ప్రదర్శనగా జరుగగా, మన దేశమునకు చెందిన తీర్థ్ మెహతా కంచుపతకము గెలుచుకొనెను. 2022 సంవత్సరపు ఆసియా క్రీడలు 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగినప్పుడు ఇవి పతకములు గల అసలు పోటీలే యైనవి. అయినను పతకము వచ్చుట వేరు, మేలు కలుగుట వేరు. పతకము కొందరికి మాత్రమే. సామాన్యముగా ఆడువానికి కలుగు ఫలమేమి?

ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇచ్చిన సమాధానములు కొన్ని చూతము. 2003లో అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయమున షాన్ గ్రీన్, డాఫ్నీ బవెలియే అను పరిశోధకులు, ఆటల అలవాటు లేనివారిని రెండు జట్లుగా చేసిరి. దినమునకు ఒక గంట చొప్పున 10 దినములు ఒక జట్టుచే వేగమైన పోరాటపు ఆటను, మరియొక జట్టుచే టెట్రిసును ఆడించిరి. పోరాటపు ఆట ఆడినవారిలో, ఒకేసారి అనేక వస్తువులను కనిపెట్టు చూపుశక్తి ఎక్కువగా పెరిగినట్లు కనబడినది. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో, 60 మొదలు 85 ఏండ్లవరకు వయస్సుగల పెద్దలకు, కారు నడుపుచునే గుర్తులను కనిపెట్టు ఆటను ప్రత్యేకముగా తయారుచేసి ఒక నెల నేర్పిరి. ఆ ఆటలో రెండు పనులను ఒకేసారి నిర్వహించుటలో వారు, శిక్షణ లేని 20 ఏండ్ల యువకులను మించిరి. ఆ లాభము ఆరు నెలల తరువాతను నిలిచి యుండెను. ఆటలు పిల్లలకే అనుకొను తాతలు, అమ్మమ్మలు ఈ సంగతిని గమనింపదగును.

వైద్యమునను వీనికి చోటు దొరికినది. 2007లో 33 మంది శస్త్రవైద్యులపై జరిగిన పరిశీలనలో, పూర్వము వారమునకు 3 గంటలకు పైగా వీడియో ఆటలు ఆడిన అనుభవము గలవారు, చిన్నరంధ్రముగుండ చేయు శస్త్రచికిత్స అభ్యాసములలో 37 శాతము తక్కువ తప్పులు చేసిరి; 27 శాతము త్వరగా ముగించిరి. 2017లో ఆక్స్‌ఫర్డులోని ఆసుపత్రిలో జరిగిన ప్రయత్నము మరియొకటి. వాహనప్రమాదములలో చిక్కి వచ్చిన 71 మందిలో కొందరిచే, ప్రమాదము జరిగిన ఆరు గంటలలోపల, ఆ దృశ్యమును ఒకమారు స్మరింపజేసి టెట్రిసు ఆడించిరి. ఆ ఘోరదృశ్యము మాటిమాటికి కనులముందు మెదలుట, ఆ మొదటి వారములో, వారికి తక్కిన వారికంటె తక్కువగా నుండెను. దీనికి పరిశోధకులు చెప్పు కారణమిది: చూచినది మనస్సులో ముద్రపడుటకు కొంత సమయము పట్టును, ఆ సమయములో ఆట మనోనేత్రమును వేరుపనిలో నిమగ్నము చేసినచో ముద్ర అంత లోతుగా పడదు.

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది 'ఫోల్డిట్' కథ. ప్రోటీను అనునది ఒక పొడవైన అణువుల గొలుసు. అది మడతలుపడి ఏ రూపము పొందునో, దానిని బట్టి దాని పని ఏర్పడును. ఆ మడతలను విప్పి తెలిసికొనుట కఠినమైన సమస్య. వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు దీనిని 2008లో ఒక ఆటగా మార్చి ప్రజలముందు ఉంచిరి. కోతులకు ఎయిడ్సు వంటి వ్యాధిని కలిగించు ఒక వైరసుకు సంబంధించిన ప్రోటీను రూపము, శాస్త్రజ్ఞులకు పదేండ్లకు పైగా అంతుచిక్కలేదు. దానిని 2011లో ఈ ఆటగాండ్రు 3 వారములలోపల ఛేదించిరి. వారిలో అనేకులకు జీవరసాయనశాస్త్రముతో పరిచయము లేదు. రూపములను త్రిప్పి చూచు నేర్పు మాత్రము కలదు. పనికిమాలిన కాలక్షేపమని మనము తోసివేయు బుద్ధిశక్తి, తగిన పని చూపినచో ఎంతదూరము పోగలదో ఇది తెలుపుచున్నది.

ఇంతమాత్రమున, ఆటలాడిన పిల్లవాడు అన్నిటను తెలివిగలవాడగునని తలపరాదు. ఆటలవలన బుద్ధి పెరుగునా యను ప్రశ్నపై అంతవరకు జరిగిన పరిశోధనలనన్నిటిని కూర్చి, 2018లో ఒకే మనస్తత్త్వశాస్త్ర పత్రికలో రెండు సమీక్షలు వెలువడినవి. వేగమైన పోరాటపు ఆటలవలన చూపు, ఏకాగ్రత చెప్పుకొనదగినంత మెరుగగునని ఒకటి పలికినది. సాధారణ బుద్ధిశక్తిపై ఆటల శిక్షణకు గల ప్రభావము బహుస్వల్పము, లేదా శూన్యము అని రెండవది పలికినది. శస్త్రవైద్యుల విషయమునను, ఆటవలన చేతివాటము వచ్చినదో, చేతివాటము గలవారే ఆటకు మరగిరో ఆ ఒక్క పరిశీలనతో తేలదు. ఇప్పటికి నిదానముగా చెప్పదగినది ఇంతే: ఏ ఆట ఏ నేర్పును కోరునో, ఆ నేర్పు పెరుగును; దాని ఇరుగుపొరుగు నేర్పులు కొంచెము పెరుగవచ్చును. గురి చూచి కొట్టుట నేర్చినవానికి గణితము రాదు. ఈత నేర్చినవానికి చెట్టెక్కుట రానట్లే ఇదియు.

అట్లే రెండవ పక్షమున, హింసాత్మకమైన ఆటలు పిల్లలను హంతకులుగా మార్చునను భయమును కూడ తూచి చూడవలెను. 2011లో అమెరికా సుప్రీంకోర్టు, హింసాయుతమైన ఆటలను మైనరులకు అమ్మరాదను కాలిఫోర్నియా శాసనమును కొట్టివేయుచు, ఆటలే హింసకు కారణమని ఆ రాష్ట్రము చూపిన పరిశోధనలు ఋజువు చేయలేదని పేర్కొనినది. 2019లో బ్రిటనులో 14, 15 ఏండ్ల వయస్సుగల సుమారు వేయిమందిపై జరిగిన పరిశీలనలో, అట్టి ఆటలకును పిల్లల దుడుకుతనమునకును సంబంధము కనబడలేదు. 2020లో అమెరికా మనస్తత్త్వశాస్త్రవేత్తల సంఘము, అరచుట, నెట్టుట వంటి చిన్న దురుసుపనులతో స్వల్పసంబంధము కలదనియు, హత్యల వంటి ఘోరములకు ఆటలను కారణముగా చూపుటకు తగిన ఆధారము లేదనియు తీర్మానించినది. దీనిని బట్టి ఆరేండ్ల పసివానికి నెత్తుటి దృశ్యములు చూపవచ్చునని అర్థము కాదు. పెద్దలకని ముద్ర వేసిన ఆట పెద్దలకే. కాని దుర్వార్త విన్నప్పుడెల్ల నేరమును ఆటమీదికి నెట్టినచో, అసలు కారణమును వెదకుట మానివేయుదుము.

అయినచో కీడు ఎక్కడనున్నది? రెండు చోట్ల. మొదటిది, విడువలేకపోవుట. 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించి, 2022 జనవరినుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో, ఆటల వ్యసనరుగ్మతకు చోటు కలదు. దానికి మూడు లక్షణములు చెప్పబడినవి: ఆటపై అదుపు తప్పుట, తిండి, నిద్ర, చదువు, స్నేహములకంటె ఆటయే ముఖ్యమగుట, హాని కలుగుచున్నదని తెలిసియు మానలేకపోవుట. ఈ స్థితి సామాన్యముగా ఒక సంవత్సరకాలము కొనసాగినప్పుడే రుగ్మతగా పరిగణించవలెనని నియమము. సెలవులలో నాలుగు దినములు అదేపనిగా ఆడినవాడు రోగి కాడు. ఇదే సంస్థ 2020 మార్చిలో, మహమ్మారి కాలమున, ఇంటనే యుండి దూరమునుండి కలిసి ఆడుకొనుడని ఆటల సంస్థలు మొదలుపెట్టిన ప్రచారమునకు మద్దతు తెలిపినది. ఇది పరస్పర విరుద్ధముగా తోచవచ్చును గాని కాదు. ఉపవాసమును మెచ్చు వైద్యుడే ఆకలిచావును ఖండించును గదా.

రెండవది, సొమ్ము. మనస్తత్త్వవేత్త స్కిన్నరు పావురములపై చేసిన ప్రయోగములలో ఒక సంగతి తేలినది. ముక్కుతో మీటను పొడిచిన ప్రతిసారి గింజ దొరకు పావురము, గింజలు ఆగినచో త్వరలోనే పొడుచుట మానును. ఎప్పుడు దొరకునో తెలియక దొరకు పావురము, మానక పొడుచుచునే యుండును. జూదగృహపు చక్రమునకు బలమిదియే. ఈ సూత్రమునే కొన్ని ఆటలలో, ఏమున్నదో తెలియని మూసిన పెట్టెలను సొమ్ముకు అమ్ముటలో ప్రయోగించుచున్నారు. బెల్జియము 2018లో ఇట్టి పెట్టెలను జూదముగా నిర్ణయించినది. సొమ్ము ఒడ్డి ఆడు ఆటలలో ఇది నగ్నముగానే కనబడును. ఇచ్చట ఆడువాడు ఓడుట ఆటలో భాగము కాదు, వ్యాపారములో భాగము.

మన రాష్ట్రములు ఈ కీడును ముందుగానే గుర్తించినవి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ జూద నిరోధక చట్టములను సవరించి ఆన్‌లైను పందెపు ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము చేసినది. అందులో పోటీక్రీడలు ఒకటి, వినోదపు ఆటలు ఒకటి, సొమ్ము ఆటలు ఒకటి అని మూడు తరగతులు ఏర్పరచి, మొదటి రెండింటిని ప్రోత్సహించి మూడవదానిని నిషేధించిరి. నేర్పుతో ఆడునదైనను, అదృష్టముతో ఆడునదైనను, సొమ్ము పందెముగా ఒడ్డినచో అది సొమ్ము ఆటయే యని ఆ చట్టము చెప్పినది. దానిని ప్రశ్నించుచు కొన్ని సంస్థలు న్యాయస్థానముల కెక్కినవి. తీర్పు ఎట్లున్నను, ఈ మూడు తరగతుల విభజన మాత్రము ప్రతి గృహస్థునకును పనికివచ్చునది. పులిజూదమునకును పాండవుల జూదమునకును గల భేదమును శాసనభాషలో చెప్పిన విధము ఇది.

శాసనము ఇంటిగుమ్మమువరకే రాగలదు. దక్షిణ కొరియాలో 16 ఏండ్లలోపు పిల్లలు అర్ధరాత్రినుండి ఉదయము 6 గంటలవరకు ఆన్‌లైను ఆటలు ఆడరాదని 2011లో చట్టము చేసి, పిల్లల ఇష్టమును, కుటుంబముల నిర్ణయమును మన్నింపవలెనని తలచి 2022 ఆరంభమునుండి దానిని ఎత్తివేసిరి. చైనా 2021లో, 18 ఏండ్లలోపువారు శుక్ర, శని, ఆదివారములలోను సెలవుదినములలోను రాత్రి 8 మొదలు 9 గంటలవరకే ఆడవలెనని కట్టడి చేసినది. ఇరువురును గడియారమును చూచి కట్టడి చేసిరి. ఇంటిలోని పెద్దలు అంతకంటె మేలుగా చేయగలరు. వారు ఆటను కూడ చూడగలరు.

అట్లు చూచుటకు నాలుగు ప్రశ్నలు చాలును. ఒకటి, ఈ ఆటలో సొమ్ము ఏ రూపమున నైనను పోవుచున్నదా? పోవుచున్నచో చర్చ అనవసరము. ఫోనులోని చెల్లింపు రహస్యసంఖ్య పిల్లలకు తెలియనీయరాదు. రెండు, పిలిచినప్పుడు లేచి వచ్చుచున్నాడా? ఇక్కడ పెద్దలును ఒక సంగతి గ్రహింపవలెను. జట్టుగా ఆడు ఆటను నడుమ విడిచినచో మిగిలినవారు ఓడుదురు. చీట్లపేకలో చేతిముక్కలు పారవేసి లేచిపోయినట్లే. "ఈ ఆట ముగియుటకు ఎంతసేపు పట్టును?" అని అడిగి, ఆ తరువాత మరియొకటి మొదలుపెట్టరాదని చెప్పుట న్యాయము. మూడు, ఈ ఆట దేని చోటును ఆక్రమించుచున్నది? నిద్రనా, చదువునా, ఆరుబయటి ఆటనా? 2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున ఒకటవ తరగతి పిల్లలను దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట ఉంచగా, మూడేండ్లలో హ్రస్వదృష్టి వచ్చినవారి సంఖ్య తక్కిన పిల్లలలో కంటె తగ్గినది. తెరను తిట్టుటకంటె వెలుతురులోనికి పంపుట మేలని దీని సారాంశము. నాలుగు, ఆ ఆటలో పిల్లవాడు ఏమి నేర్చినాడో చెప్పగలడా? తన ఎత్తును ఉత్సాహముగా వివరించువాడు ఆటను ఏలుచున్నాడు. ఏమి ఆడితినో చెప్పలేక మొగము తప్పించువానిని ఆటయే ఏలుచుండవచ్చును.

రెండవ, మూడవ ప్రశ్నలకు నెలల తరబడి చెడు సమాధానమే వచ్చుచున్నచో, అది మొండితనమని కొట్టరాదు, సిగ్గని దాచరాదు. దుఃఖమో, ఒంటరితనమో, చదువులో వెనుకబాటో ఆటమాటున దాగియుండుట సాధారణము. వైద్యుని సలహా పొందవలెను. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, తెలుగులోనే మాటలాడి ఉచితముగా సలహా పొందవచ్చును.

వీడియో ఆటను పూజింపవలసిన పని లేదు. వెలివేయవలసిన పనియు లేదు. మన పెద్దలు పిల్లలకు వామనగుంటలు, దాడి, అష్టాచెమ్మ ఆడుట నేర్పినప్పుడు, ఆటతోపాటు వరుస తప్పకుండుటను, ఓటమిని ఓర్చుకొనుటను, దీపము పెట్టు వేళకు లేచుటను నేర్పిరి. ఆ నేర్పినది ప్రక్కన కూర్చుండి ఆడుటవలన గాని, దూరమునుండి కేక వేయుటవలన కాదు. ఈనాటి పిల్లలు తమ ఆటను తామే ఒంటరిగా నేర్చుకొనుచున్నారు. ఆట వచ్చుచున్నది గాని, దానితోపాటు రావలసిన మర్యాద వచ్చుట లేదు. వారమున కొకనాడు అరగంట వారి ప్రక్కన కూర్చుండి, వారి ఆటను మనకు నేర్పుమని అడుగుదము. మనము ఓడిపోవుట నిశ్చయము. కాని అది ఎట్టి ఆటయో ఆ అరగంటలో మనకు తెలియును. చిక్కు వచ్చిననాడు ఎవరితో చెప్పుకొనవలెనో వారికి తెలియును.